గట్టు దిగాలా, గట్టు మీదే ఉండాలా: ఎడ్జ్‌గార్డ్ ఎలా చేయాలి

విశాఖ ఎంవీపీ కాలనీలో మా ఇంటి హాల్లో ఆదివారాలు ఐదారుగురం చేరి స్మాష్ బ్రదర్స్ ఆడతాం, అవతలివాణ్ని స్టేజీ బయటికి కొట్టి పడేసే నింటెండో వీడియో గేమ్ అది. కొత్తగా వచ్చే ప్రతివాడూ రెండో వారానికల్లా అడిగేది ఒకటే. "అన్నా, అవతలివాడు స్టేజీ బయటికి పోయాడు. వెనకాలే దూకాలా, ఇక్కడే నిలబడాలా?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. అందుకే రాసి పెడుతున్నాను. ఇకమీదట అడిగినవాళ్లకి ఇదే పంపుతాను.

ముందు మా మాటలు కొన్ని. స్టేజీని మేం గట్టు అంటాం. బయట పడ్డవాడు తిరిగి పైకి రావడం గట్టెక్కడం. వాణ్ని ఎక్కనివ్వకపోవడమే ఎడ్జ్‌గార్డ్. వాడి కోసం మనం బయటికి దూకడం అంటే దిగడం. ఎంత దిగామన్నదానికి ఆర్కే బీచ్ లెక్క పెట్టుకున్నాం: ఇసుక మీద, మోకాలి లోతు, మెడ లోతు. ఇసుక మీద అంటే గట్టు దిగకుండానే కొట్టడం. మోకాలి లోతు అంటే గాల్లో చేసే ఒక్క డబుల్ జంప్‌తో వెనక్కి రాగలిగినంత. మెడ లోతు అంటే జంప్, అప్ స్పెషల్ (పైకి ఎగరేసే ప్రత్యేక దెబ్బ) రెండూ ఖర్చు పెడితే తప్ప రాలేనంత. మన బీచ్‌లో దిగినవాళ్లకి తెలుసు, మోకాలికీ మెడకీ మధ్య నాలుగడుగులే. కాళ్ల కింద ఇసుక జారితే అవీ ఉండవు.

కింద రాసిందంతా 2018లో వచ్చిన స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్ గురించి. మెలీ (పాత స్మాష్), రైవల్స్, బ్రాల్‌హల్లా లాంటి ఇదే తరహా ఆటలు ఆడేవాళ్లకి తేడాలు తర్వాత చెబుతాను.

ఏం కావాలి

- ఒక క్యారెక్టర్. ఒక్కటే. వారానికొకటి మారుస్తుంటే ఇందులో ఏదీ ఒంటబట్టదు.
- స్టిక్ బాగున్న కంట్రోలర్. వేలు తీసేశాక కూడా క్యారెక్టర్ తనంతట తనే నడుస్తుంటే ఆ కంట్రోలర్‌తో దిగకండి. మే నెల ఉక్కలో బొటనవేలు జారి చచ్చిన స్టాకులు (ఆటలో ప్రాణాలు) నాకు లెక్కలేనన్ని. పక్కన చేతిరుమాలు పెట్టుకోండి.
- టీవీలో ఆడితే గేమ్ మోడ్ ఆన్ చేయండి. లేకపోతే బటన్ నొక్కినదానికీ తెర మీద కనిపించేదానికీ మధ్య ఆలస్యం తెలిసిపోతుంది.
- ఒక గంట ఓపిక పట్టే స్నేహితుడు, ఒక నోటుబుక్కు.

మొదటి మెట్టు: మీ ఇంటిదారి కొలవండి

అవతలివాడి సంగతి తర్వాత. మీరు ఎంత కిందికి, ఎంత దూరం పోయి తిరిగి రాగలరో మీకు తెలియాలి. "సుమారుగా తెలుసు" అంటే తెలియదని అర్థం.

ట్రైనింగ్ మోడ్‌లో గళ్లున్న స్టేజీ తీసుకోండి. గట్టు మీంచి నడుచుకుంటూ బయటికి పడిపోండి. గట్టు మీంచి జంప్ చేయకండి. కొంచెం పడ్డాక డబుల్ జంప్, అప్ స్పెషల్ రెండూ వాడి వెనక్కి రండి. ప్రతిసారీ ఒక గడి కిందికి పోతూ, రాలేకపోయే గడి ఏదో చూసుకోండి. దానికి ఒక గడి పైన గీత గీసుకోండి. అదే మీ మెడ లోతు. ఇప్పుడు అప్ స్పెషల్ వదిలేసి డబుల్ జంప్‌తోనే వచ్చే గీత కనుక్కోండి. అది మోకాలు. ఒక్కోటి ఇరవై సార్లు చేస్తే చాలు, చూపుకి అలవాటైపోతుంది.

కిందికే కాదు, పక్కకి కూడా కొలవండి. నేను ఆడేది లుసినా అనే కత్తి పట్టిన క్యారెక్టర్‌తో. ఆమె అప్ స్పెషల్ నిట్టనిలువుగా పైకి లేస్తుంది, పక్కకి పెద్దగా పోదు. కాబట్టి గట్టు కింద లోతుగా ఉంటే ఫర్వాలేదు, కొంచెం దూరంగా ఉంటే మాత్రం గోవిందా. మీ క్యారెక్టర్ దీనికి సరిగ్గా వ్యతిరేకం కావచ్చు.

రెండో మెట్టు: వాడి జేబులో ఏం మిగిలిందో లెక్కపెట్టండి

దెబ్బ తిని బయట పడ్డవాడి దగ్గర మామూలుగా మూడు నాణేలుంటాయి: డబుల్ జంప్, ఎయిర్ డాడ్జ్ (గాల్లో దెబ్బ తప్పించుకోవడం), అప్ స్పెషల్. కొందరికి సైడ్ స్పెషల్ కూడా దారి చూపిస్తుంది. మీరు దిగే ముందు తెలియాల్సింది ఒక్కటే, జంప్ ఉందా, పోయిందా.

ఎందుకంత పట్టుదల అంటే, గాల్లో ఉన్నవాణ్ని మీరు కొడితే వాడి అప్ స్పెషల్, ఎయిర్ డాడ్జ్ తిరిగి వాడి జేబులోకి వచ్చేస్తాయి. డబుల్ జంప్ మాత్రం రాదు. అంటే చచ్చిపోబోతున్నవాణ్ని మెల్లగా ఒక దెబ్బ తగిలించి మీరే గట్టెక్కించవచ్చు! అప్ స్పెషల్ అయిపోయి నిస్సహాయంగా పడిపోతున్నవాణ్ని ముట్టుకోవడం మా హాల్లో అందరం కనీసం ఒక్కసారైనా చేసిన పాపం. పోయేవాణ్ని పోనివ్వండి.

కొత్తవాళ్లు దెబ్బ తగిలిన వెంటనే భయంతో జంప్ వాడేస్తారు. అదిగో, అది చూడటానికే మీ కళ్లు ఉండాలి. మీ క్యారెక్టర్‌ని చూసుకోకండి, వాణ్నే చూడండి. కిర్బీ, జిగ్లీపఫ్, మెటా నైట్‌లకు గాల్లో ఐదు జంపులుంటాయి. వాళ్లతో ఈ లెక్క అంత తేలిక కాదు. లెక్క తప్పిందనిపిస్తే ఇసుక మీదే ఉండండి.

మూడో మెట్టు: దిగడం లాభమా కాదా తేల్చుకోండి

అసలు గొడవంతా ఇక్కడే. చాలామంది "తగులుతుందా?" అని మాత్రమే ఆలోచిస్తారు. తగలకపోతే ఏం పోతుంది, తగిలితే ఏం వస్తుంది అని ఆలోచించరు.

పోయిన నెల జరిగింది చెబుతాను. ఇద్దరికీ చివరి స్టాక్. మా అక్క కొడుకు మారియోతో ఆడుతున్నాడు, 148 శాతం మీదున్నాడు (తిన్న దెబ్బల లెక్క ఇది, పెరిగేకొద్దీ తర్వాతి దెబ్బకి మరింత దూరం ఎగిరిపోతాం). నేను 35 మీదున్నాను. వాణ్ని ఎడమవైపు కిందికి విసిరాను, జంప్ కూడా వాడేశాడు. నా కళ్లు మెరిశాయి. పరుగెత్తి దూకి, కిందికి కొట్టే డౌన్ ఎయిర్‌తో స్పైక్ చేయబోయాను, అంటే నేరుగా కిందికి పడగొట్టబోయాను. వాడు ఎయిర్ డాడ్జ్‌తో నా పక్కనుంచే జారుకుని, అప్ స్పెషల్‌తో గట్టు అంచు పట్టుకున్నాడు. నేను స్టిక్ కిందికే నొక్కి ఉంచాను కాబట్టి ఇంకా వేగంగా పడ్డాను. జంప్ చేశాను, అప్ స్పెషల్ వాడాను, కత్తి పైకి లేచింది, గట్టు మాత్రం అరగడి దూరంలో ఉండిపోయింది. వాడు కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని, పకోడీ నములుతూ అన్నాడు: "ఏటి మావయ్యా, నూట నలభై ఎనిమిది మీదున్నాను. నువ్వక్కడే నిలబడి ఒక్కటి గట్టిగా తగిలించినా పోదును కదా. ఎందుకు దిగావ్?"

దానికి నా దగ్గర సమాధానం లేదు. ఆ రాత్రి ఇలా రాసుకున్నాను.

వాడి శాతం ఎక్కువ, మీది తక్కువ: దిగకండి. వాడు గట్టెక్కినా ఎలాగూ ఒక దెబ్బ దూరంలోనే ఉన్నాడు. మీ స్టాక్ మాత్రం కొత్తది, ఖరీదైనది.

వాడి శాతం తక్కువ, మీది ఎక్కువ: దిగడానికి ఇదే సరైన సమయం. 40 శాతం మీదున్నవాణ్ని గట్టు మీద చంపాలంటే ఇంకా బోలెడు దెబ్బలు కొట్టాలి. ఇక్కడ ఒక్క ఎడ్జ్‌గార్డ్‌తో ఆ శ్రమంతా తప్పుతుంది. మీరు 130 మీద ఉంటే మీ స్టాక్ ఎలాగూ అటో ఇటో. పందెం కాయండి.

ఇద్దరిదీ ఎక్కువ: మోకాలి లోతు దాకా. తగిలితే సరే, లేకపోతే వెనక్కి.

ఇద్దరిదీ తక్కువ: వాడి జంప్ పోయిందా లేదా అన్నదే నిర్ణయం. పోతే మోకాలి లోతు, ఉంటే ఇసుక.

మేం అందరం దీనికి సరిగ్గా తలకిందులుగా ఆడుతుంటాం. వాడి శాతం పెరిగేకొద్దీ మనకి ఉద్రేకం పెరుగుతుంది, ఇంకొక్కటి చాలు అనిపించి దూకేస్తాం. తక్కువ శాతం మీద బయట పడితే "ఇంకా టైముందిలే" అని నిలబడి చూస్తాం.

స్టాకుల లెక్క కూడా చూసుకోండి. మీకు రెండు, వాడికి ఒకటి ఉంటే, ఇద్దరూ కలిసి చచ్చినా గెలుపు మీదే. అప్పుడు మెడ లోతు దిగడం తప్పు కాదు. మీకు ఒకటి, వాడికి రెండు ఉంటే, వాడితో కలిసి చావడం అంటే ఓడిపోవడమే. ఆధిక్యంలో ఉన్నప్పుడు జాగ్రత్తగా ఆడాలి అని చెప్పేవాళ్లు ఈ మొదటి సగం మర్చిపోతారు.

నాలుగో మెట్టు: చోటు ఎంచుకోండి

ఇసుక మీంచి. మీ క్యారెక్టర్‌కి బాణాలు, నిప్పు బంతులు లాంటివి ఉంటే గట్టు మీంచే వదలండి. వాటి పని చంపడం కాదు, వాడి చేత జంప్ ఖర్చు పెట్టించడం. ఇంకో దారి, వాడు అంచు పట్టుకునే క్షణం. అల్టిమేట్‌లో అంచు అందుకునేటప్పుడు రెండు ఫ్రేములు, అంటే సెకనులో ముప్పయ్యో వంతు, వాడికి ఏ రక్షణా ఉండదు. గట్టు కిందికి కూడా తగిలే డౌన్ టిల్ట్ (కూర్చుని కొట్టే తేలిక దెబ్బ) లాంటిది ఆ క్షణంలో పడితే చాలు. కళ్లతో చూసి నొక్కేంత సమయం ఉండదు, వాడు వచ్చే వేగాన్ని ముందే అంచనా వేయాలి. తప్పినా మీరు గట్టు మీదే ఉంటారు, అదే దీని అందం. కాకపోతే మరీ అంచున నిలబడకండి. మార్త్, లుసినా లాంటివాళ్లు కిందనుంచి లేస్తూ గట్టు పైనున్నవాళ్లని కత్తితో కోసేస్తారు. ఒక అడుగు వెనక ఉండండి.

మోకాలి లోతు. నాకు బాగా నచ్చిన చోటు ఇదే. గట్టు మీంచి బయటికి పరుగెత్తి, వాడికి వీపు తిప్పి బ్యాక్ ఎయిర్ (గాల్లో వెనక్కి కొట్టే దెబ్బ) కొట్టి, డబుల్ జంప్‌తో వెనక్కి వచ్చేయడం. అప్ స్పెషల్ జేబులోనే ఉంటుంది. ముందే అంచు పట్టుకుని వేలాడుతూ, వాడు దగ్గరికి వచ్చాక వదిలి, జంప్ చేస్తూ కొట్టడం ఇంకో పద్ధతి. వారంలో ఆరు రోజులు ఇదే సాధన చేసినా నష్టం లేదు.

మెడ లోతు. మూడో మెట్టులో లెక్క కుదిరినప్పుడు మాత్రమే. దిగే ముందు మనసులో తిరుగుదారి చెప్పుకోండి: "తగలకపోతే జంప్, ఆ తర్వాత అప్ స్పెషల్, అంచు." ఆ వాక్యం పూర్తి కాకపోతే దూకకండి.

ఐదో మెట్టు: ఒక క్షణం ఆగి కొట్టండి

దిగగానే బటన్ నొక్కడం అలవాటు. వాడు ఎదురుచూసేది దానికోసమే. మీరు కొట్టగానే ఎయిర్ డాడ్జ్ చేస్తాడు, మీరు గాలిని కొట్టి పడిపోతుంటే వాడు గట్టెక్కుతాడు. అందుకని ముందు ఊరికే దిగినట్టు కనిపించండి. వాడు డాడ్జ్ చేస్తే అది అయిపోయాక కొట్టండి. చేయకపోతే వెనక్కి రండి, వాడు ఇంకాస్త కిందికి పడ్డాడు తప్ప మీకు పోయిందేమీ లేదు.

ఏం కొట్టాలి? స్పైక్ తగిలితే చప్పట్లు, తప్పితే చావు. అది తగిలే చోటు చిన్నది, ఆ దెబ్బ నుంచి తేరుకునే సమయం ఎక్కువ. తొలి నెల రోజులు స్పైక్ బటన్ లేదనుకుని ఆడండి. బ్యాక్ ఎయిర్, న్యూట్రల్ ఎయిర్ (స్టిక్ ముట్టకుండా గాల్లో కొట్టేది) పక్కకి తోస్తాయి. జంప్ లేనివాడికి పక్కకి నాలుగడుగులు తోసినా చావే.

హెచ్చరిక: గట్టు గోడ పక్కన కొట్లాడుతుంటే, వాడి దెబ్బకి మీరు గోడకి తగిలి కిందికి పోవచ్చు. గోడకి తగలబోయే ముందు షీల్డ్ బటన్ నొక్కితే టెక్ అవుతుంది, అంటే గోడ దెబ్బని తట్టుకుని నిలబడతారు. వేలు షీల్డ్ మీదే ఉంచుకోండి. 

ఆరో మెట్టు: తిరిగి రండి

తగిలినా తగలకపోయినా వెంటనే వెనక్కి. రెండోసారి కొడదామన్న ఆశ దగ్గరే సగం చావులు.

తిరిగి వచ్చాక వాడు అంచున వేలాడుతుంటే మీ పని అయిపోలేదు. వాడు దొర్లి పైకొస్తే ఎక్కడ ఆగుతాడో, దానికి కాస్త ఇవతల నిలబడండి. లేచి నిలబడటం, దొర్లడం, దూకడం, లేస్తూ కొట్టడం, అంచు వదిలి మళ్లీ జంప్ చేయడం, వాడికి ఉన్నవి ఇవే. అన్నీ ఆపలేరు. రెండు ఎంచుకుని ఆపండి, మిగతావి వదిలేయండి. వాడు అంచు వదిలి, నేల ముట్టకుండా మళ్లీ పట్టుకుంటే మొదటిసారి ఉండే రక్షణ ఉండదు, అప్పుడు తాపీగా కొట్టండి.

క్యారెక్టర్లను బట్టి కొన్ని

నెస్ తన మెరుపు బంతిని తిప్పి తన వీపుకే తగిలించుకుని రాకెట్‌లా వస్తాడు. ఆ బంతి వాడికి తగలకముందే మీ ఒంటికో, మీరు విసిరినదానికో తగిలితే వాడి పని అయిపోయినట్టే. రాకెట్‌గా మారాక మాత్రం ఎదురెళ్లకండి.

మారియోతో ఆడేవాళ్లు నీళ్ల పంపుని చిన్నచూపు చూస్తారు. అది కొట్టదు, తోస్తుంది. దెబ్బ కాదు కాబట్టి అవతలివాడికి అప్ స్పెషల్ తిరిగి రాదు. గట్టు మీద నిలబడే చేయొచ్చు. మా మేనల్లుడు నన్ను ఎన్నిసార్లు సముద్రంలోకి కడిగేశాడో.

లిటిల్ మ్యాక్ గట్టెక్కడంలో చాలా బలహీనుడు, దిగి వీరత్వం చూపించనక్కర్లేదు. స్నేక్ ఎగిరే సైఫర్ (చిన్న డ్రోన్) మీద వస్తుంటే తేలిక దెబ్బ కొట్టకండి, మళ్లీ ఇంకొకటి తీస్తాడు.

జిగ్లీపఫ్‌తో మెలీ ఆడి 2016 ఎవో టోర్నమెంటులో గెలిచిన హంగ్రీబాక్స్ ఆట చూస్తే, గాల్లో అంత స్వేచ్ఛ ఉన్నా ఎంతసేపు ఆగుతాడో గమనించండి. కొట్టడం కంటే ఆగడమే ఎక్కువ.

వేరే ఆటల్లో తేడాలు

మెలీలో అంచున ఒక్కరికే చోటు. మీరు ముందే పట్టుకుంటే వాడికి పట్టు దొరకదు, అన్నిటికన్నా తక్కువ ప్రమాదం ఉన్న ఎడ్జ్‌గార్డ్ అదే. అల్టిమేట్‌లో అలా కుదరదు, రెండోవాడు వచ్చి మొదటివాణ్ని తోసేస్తాడు.

మొదటి రైవల్స్ ఆఫ్ ఈథర్‌లో అంచు పట్టుకోవడమే లేదు, గోడ మీంచి జంప్ చేయాలి. 2024లో వచ్చిన రెండోదాంట్లో అంచు వచ్చింది. బ్రాల్‌హల్లా ఫోన్లో కూడా ఉచితం కాబట్టి మన కుర్రాళ్లు ఎక్కువ ఆడేది అదే. అందులో గోడకి అతుక్కోవచ్చు, శాతాల బదులు రంగు మారుతుంది. నేను పైన శాతం అన్నచోటల్లా రంగు అనుకోండి. ఎరుపెక్కినవాడి వెనక దిగకండి.

ఆన్‌లైన్‌లో, అదీ వైఫై మీద అయితే, మెడ లోతు పూర్తిగా మానేయండి. లాన్ కేబుల్ పెట్టుకుంటే మోకాలి దాకా దిగొచ్చు.

తరచూ చేసే తప్పులు

డౌన్ ఎయిర్ తర్వాత స్టిక్ కిందికే పట్టి ఉంచడం. పడే వేగం పెరుగుతుంది, పైగా స్టిక్ కిందికి ఉంటే అంచు చేతికి అందదు. నా చావు గుర్తుంది కదా.

జంప్ వాడి దిగడం. గట్టు మీంచి నడిచో పరుగెత్తో పడిపోతే డబుల్ జంప్ జేబులోనే ఉంటుంది. గట్టు చివర జంప్ చేసి, గాల్లో ఇంకోటి చేసి కొట్టేవాళ్లు తిరుగుదారిని వెళ్లేటప్పుడే తినేస్తున్నారు.

ప్రతిసారీ దిగడం. మూడుసార్లు వరసగా దిగితే నాలుగోసారి వాడు మీకోసమే కాచుకుని ఉంటాడు.

అసలు ఎప్పుడూ దిగకపోవడం. ఇదీ తప్పే. వాడు భయం లేకుండా తీరిగ్గా గట్టెక్కుతాడు.

సరిగ్గా వస్తోందా చూసుకోవడం

రీప్లేలు సేవ్ చేసుకోండి, లేదా ఫోన్ తెర ఎదురుగా పెట్టి రికార్డ్ చేయండి. నోటుబుక్కులో నాలుగు గళ్లు గీయండి: వాడు పోయాడు, తగిలింది కానీ గట్టెక్కాడు, ఏమీ కాలేదు, నేను పోయాను. ఇరవై సార్లు దిగేదాకా గీతలు పెడుతూ పోండి. పక్కనే లోతు కూడా రాయండి, మోకాలో మెడో.

ఇరవైలో వాళ్లు ఏడుసార్లు, మీరు రెండుసార్లు పోయారనుకోండి, బాగానే ఆడుతున్నట్టు. వాళ్లు నాలుగు, మీరు నాలుగు అయితే మీరు జూదం ఆడుతున్నారు. "నేను పోయాను" గడిలో ఒక్క గీతా లేకపోతే సంతోషించకండి, మీరు ఇసుక మీంచి కదలడం లేదని అర్థం. వచ్చే ఇరవైలో ఐదుసార్లు కావాలని మోకాలి లోతు దిగండి.

రెండు, మూడు గళ్లలోని గీతల దగ్గర ఇంకో పని ఉంది. అంతా అయ్యాక గట్టు మధ్యలో ఎవరున్నారు, అంచున ఎవరున్నారు అని రీప్లేలో చూడండి. మీరు మధ్యలో, వాడు అంచున ఉంటే గీత పక్కన టిక్ పెట్టండి, వాడు చావకపోయినా అది మీ ఖాతాలోదే. వాడు మధ్యలో నిలబడి, మీరు అంచున వేలాడుతుంటే అడ్డంగా కొట్టేయండి. అడ్డగీతలు ఎక్కువైన వారం మెడ లోతు పూర్తిగా మానేసి, ట్రైనింగ్ మోడ్‌లో మొదటి మెట్టు మళ్లీ కొలవండి. చాలాసార్లు మీరనుకున్న మెడ లోతు గీత ఒక గడి కిందికి జారి ఉంటుంది.